గాసికి కొన్న రగ్గు

పాంగి చిన్నమ్మలు ఇటలీలోని మిలాన్ నగరంలో రగ్గు కొన్నప్పుడు బేరం ఆడలేదు. ఆమె ఊరు అరకులోయ దాటాక, జీపు ఆగిపోయే చోటు నుంచి ఇంకా ఎక్కాల్సిన కొండ మీద ఉంది. ఆ ఊళ్లో పోయినవాళ్ల కోసం కొనే గుడ్డకు బేరం ఆడరు. చెప్పిన ధర చేతిలో పెట్టి, చిల్లర కూడా అడక్కుండా వచ్చేస్తారు. డబ్బు వెనక్కి వస్తే గుడ్డ కూడా వెనక్కి వచ్చినట్టేనని వాళ్ల లెక్క.

ఆమెను అంతదూరం తీసుకెళ్లింది కాఫీ రైతుల సంఘం. దేశదేశాల గింజలు రుచి చూసే ప్రదర్శన అది. ఆమె భర్త గాసి బతికుంటే అతనే వెళ్లేవాడు. కిందటేడు అకాల వర్షానికి, కళ్లంలో ఆరబోసిన గింజలకు పరదా చాలకపోతే తన రగ్గు తెచ్చి పరిచాడు. తడిబట్టలతోనే పొయ్యి దగ్గర ముడుచుకున్నాడు. గింజలు దక్కాయి. జ్వరం అతన్ని పట్టుకుపోయింది. అప్పటినుంచి పట్టపగలు వంట చేస్తుంటే కూడా చిన్నమ్మలుకు పొయ్యి అవతల పళ్లు కొట్టుకుంటున్న చప్పుడు వినిపించేది. అతనికి ఇంకా చలి తగ్గలేదని ఆమెకు అర్థమైంది. ఎవరికీ చెప్పలేదు.

మిలాన్ దుకాణంలో రగ్గు మడతలో చెయ్యి పెడితే వెచ్చగా ఉంది.

"ధర ఎక్కువక్కా. తగ్గించమని అడగనా?" అంది మాధవి. సంఘం తరఫున వెంట వచ్చిన విశాఖపట్నం అమ్మాయి.

"వద్దమ్మా. ఇది ఆయనకి. బేరం ఆడకూడదు."

మాధవి అడగలేదు. చిన్నమ్మలు దగ్గర పాస్‌పోర్టు మాత్రం తీసుకుని దుకాణం వాళ్లతో ఒక కాగితం రాయించింది. సంతకం పెట్టమంటే చిన్నమ్మలు పెట్టింది. ఊరు దాటినప్పటినుంచి అడుగడుగునా సంతకాలే.

తిరుగు ప్రయాణంలో విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్లు రగ్గు చూపించమన్నారు. వాడలేదని చూసుకుని కాగితం మీద ముద్ర వేశారు. పక్క కిటికీలో ఉన్నతను ఆ కాగితం తీసుకుని కొన్ని నోట్లు ముందుకు తోశాడు. వెనక జనం నిలబడి ఉన్నారు. చిన్నమ్మలు తీసుకుంది.

"ఏటమ్మా ఇవి?"

"రగ్గు మీద పన్ను అక్కా. మనం ఈ దేశం వాళ్లం కాదు కదా, కొన్నది బయటికి తీసుకెళ్తుంటే తిరిగి ఇచ్చేస్తారు. నీ డబ్బే."

"రగ్గు డబ్బా?"

"అందులో కొంత. ఎనిమిదో వంతు ఉంటుందేమో."

చిన్నమ్మలు నోట్లు మళ్లీ కిటికీ వైపు చాచింది. "వద్దని సెప్పమ్మా. బేగి ఇచ్చీ."

"వద్దంటే తీసుకోరక్కా. అలాంటి పద్ధతి లేదు." మాధవి నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయింది.

ఊరు చేరిన మర్నాడు ఆమె రగ్గు చంకన పెట్టుకుని తోట చివరికి బయల్దేరింది. గాసిని అక్కడే పూడ్చారు.

"ఇమానమెక్కి ఎల్లి రగ్గు తెచ్చింది సూడండే," అంది కళ్లంలో ఉన్న చిట్టెమ్మ, ఆమె తోడికోడలు. "మనకి సాక్లెట్ ముక్క కూడా లేదు."

"నీకు పళ్లున్నాయేటి సాక్లెట్ తినడానికి," అంది చిన్నమ్మలు, నడక ఆపకుండా.

మట్టి దిబ్బ మీద రగ్గు తల నుంచి కాళ్ల దాకా పరిచి, అంచుల మీద రాళ్లు పెట్టింది. దిబ్బ అంతా కప్పుకుపోయింది. ఇంటికొచ్చి పొయ్యి వెలిగించింది. చప్పుడు ఆగలేదు.

మర్నాడు మధ్యాహ్నం వెళ్లి చూస్తే రగ్గు ఎండకు కాగి ఉంది. కాళ్ల వైపు అంచు మాత్రం తడి. పిండితే నీళ్లు కారాయి. కాఫీ తొక్క పులిసిన వాసన. వాన పడి చాలా రోజులైంది. మంచు అనుకుంటే, మంచు ఒక్క అంచునే ఎందుకు తడుపుతుంది?

ఊరి దిసారి భీమన్న గాసికి చిన్నాన్న. మంచిరోజులు చూడడం, పోయినవాళ్లకు పెట్టవలసింది పెట్టించడం ఆయన పని. జరిగింది విని, దిబ్బ దగ్గర గొంతుక్కూర్చుని రగ్గును చేత్తో తడిమాడు.

"ఆ డబ్బు ఏడుంది గుంటా?"

"ఇంట్లో ఉంది మావా. ముట్టలేదు. ఎవులికైనా ఇచ్చీమంటావా?"

"ఎవులికిచ్చినా ఆ కొట్టోడికి సేరదు కదా." ఆయన తడి అంచు వదిలి చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు. "ఇచ్చిందంతా పొడిగా ఉంది. ఎనక్కి తీసుకున్నంత మేర తడిసింది. ఆ ముక్క ఆడిది కాదు, నీది. కోసి తీసుకుపో."

"కోస్తే కాళ్లకి సాలదు మావా."

"సాలదు. మరి తడిది కప్పుకోమంటావా ఆణ్ణి?"

చిన్నమ్మలు రగ్గును సగానికి మడిచింది. మళ్లీ సగానికి, మళ్లీ సగానికి. విప్పి, తడి వైపు చివరి మడత గుర్తు మీద కొడవలి పెట్టి కోసింది. మిగిలినదాన్ని దిబ్బ మీద పరిచి తల వైపు నుంచి లాగి సర్దింది. ఎలా సర్దినా కాళ్ల దగ్గర మట్టి కనిపిస్తూనే ఉంది.

ఆ రోజు పొయ్యి దగ్గర ఏ చప్పుడూ లేదు. ఆమె అన్నం ముందు కూర్చుని చాలాసేపు విన్నది.

కోసిన ముక్కను దండెం మీద ఆరేసింది. ఎండలు ముదిరాయి. పక్కన వేసిన చీరలు గంటలో ఆరిపోయేవి. ముక్క ఆరలేదు.

కాఫీ పూతకు వచ్చినప్పుడు మాధవి కొండెక్కి వచ్చింది. మళ్లీ ప్రదర్శన ఉందని, ఈసారి వేరే దేశమని, సంఘం ఆమె పేరే అనుకుంటోందని చెప్పింది. చిన్నమ్మలు తోట చివర నేల మీద కూర్చుని ఉంది. ఒళ్లో తడి రగ్గు ముక్క. వీపు దిబ్బకు ఆనించి, కాళ్ల వైపు రగ్గు చాలని చోట మట్టి కనబడకుండా తన కొంగు పరిచింది.

"చిట్టెమ్మని తీసుకుపో అమ్మా. సాక్లెట్లు కొనుక్కుంటాది."

"నువ్వెందుకు రావు అక్కా? అప్పుడు అంత బాగా మాట్లాడావు."

"నాను ఎలితే కాళ్లకి సలేస్తాది."

మాధవి ఆమె పాదాలకేసి చూసింది. ఎర్రటి ఎండ వాటి మీదే పడుతోంది.