సైలెన్సర్ పీకించిన కారు

మొన్న అమలాపురంలో మా వీధిన పట్టపగలు పెళ్లి ఊరేగింపు వెళ్లింది. పువ్వులతో కప్పిన పాతకాలపు కారు గుర్రుమంటూ సాగుతుంటే, గోడల పక్కన నిలిపిన కార్లు ఒకదాని వెనుక ఒకటి అలారాలు ఎత్తుకున్నాయి. ఇరుగుపొరుగున ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

మన తరంవారికి గుర్తుండే ఉంటుంది, పెళ్లికొడుకుని అలాంటి కారులో తిప్పితేనే ఊరేగింపు అనిపించేది. అప్పట్లో మేముండే పి.గన్నవరంలో ఆ కారు నాదే, నాన్నగారు వదిలి వెళ్లినది. బ్యాండుమేళాన్ని మించిన మోత రావాలని, మెకానిక్ వద్దంటున్నా దాని సైలెన్సర్ పీకించాను. పక్కింట్లో మా అక్కావాళ్లు. గల్ఫులో చాలా ఏళ్లు కష్టపడి వచ్చిన మా బావగారు కొత్త కారు కొనుక్కున్నారు. నా బండి కాలువగట్టు ఎక్కేసరికి దాని అలారం గొల్లుమనేది. మొదట్లో బావగారు లుంగీ సర్దుకుంటూ తాళంచెవితో పరుగెత్తుకొచ్చి, "మీ కారొచ్చిందంటే మా కారుకి దిష్టి తగిలినట్టు ఏడుపేనండి, బామ్మర్దిగారూ" అనేవారు. రానురాను ఆయనా బయటికి రావడం మానేశారు, ఇరుగుపొరుగూ మానేశారు. అదేదో నా ఘనత అనుకుని నవ్వుకునేవాణ్ణి. ఆ గొట్టం బిగించెయ్యమని, నిజంగా దొంగొచ్చినా నువ్వే అనుకుంటామని అక్క ఎన్నిసార్లు చెప్పిందో. పెళ్లిళ్లు అయ్యాక చూద్దామనేవాణ్ణి.

ఆ రోజు నా కారు ఇంజను విప్పి షెడ్డులో పడి ఉంది. నేను ఐనవిల్లి నుంచి బస్సులో వస్తున్నాను. బజారు నుంచి తిరిగొచ్చిన బావగారికి, వాకిట్లో కారు ఆపగానే గుండె పట్టేసింది. తలుపు తీసే ఓపిక లేక తాళంచెవి మీద అలారం మీట నొక్కారు. కారు చాలాసేపు అరిచిందట. ఎదురింటావిడ విన్నారు, దొడ్లో కొబ్బరికాయలు వలిచేవాళ్లూ విన్నారు. వంటింట్లో అక్కా వింది.

నేను చేరేసరికి బావగారిని అరుగు మీద పడుకోబెట్టారు. వేలు ఇంకా ఆ మీట మీదే ఉందని దించినవాళ్లు చెప్పారు. లోపల రెండు కంచాలు వేసి ఉన్నాయి. అక్క నన్ను తిట్టలేదు. "నువ్వొచ్చేవనుకున్నాన్రా, నీక్కూడా కంచం పెట్టేను" అంది, అంతే.

మర్నాడే సైలెన్సర్ బిగించాను, ఎవరి కోసమో తెలియదు.

ఒకప్పుడు మన వైపు లేగదూడ వేరేగా అరిచినా నలుగురు లేచి వచ్చేవారు. ఇప్పుడు వీధంతా గోలపెట్టినా ఎవరూ తల తిప్పరు. పి.గన్నవరంలో మా వీధికి ఆ అలవాటు నేర్పినవాణ్ణి నేనే. మొన్న చెప్పులైనా తొడుక్కోకుండా మెట్లు దిగి, అరుస్తున్న ప్రతి కారు అద్దానికీ మొహం ఆనించి చూశాను. ఊరేగింపులో కుర్రాళ్లు నవ్వారు. అన్నీ ఖాళీ కార్లే. అయినా చివరి అద్దం దాకా చూడందే నా కాళ్లు ఇంటివైపు తిరగలేదు.