‘మీ ఇష్టం’ అంటే ఒప్పుకున్నట్టేనా

ఆ వైద్య కళాశాలలో కొత్తగా చేరిన ప్రతి జూనియరు డాక్టరూ మొదట వినేది ఆమె పాఠమే. రోగి ముందు ఎలా నిలబడాలి, పరిశోధనకు అతని అనుమతిని ఎలా అడగాలి అన్నదే ఆ పాఠంలోని సారం. చాటున తనను ‘ధర్మపన్నాల డాక్టరమ్మ’ అంటారని ఆమెకు తెలుసు. ఆ బిరుదు ప్రసాదించినవాడు సొంత అక్క కొడుకేనని గట్టి అనుమానం కూడా ఉంది.

తన విభాగంలోనే పీజీ చేస్తున్న అతని పరిశోధనకు మార్గదర్శిగా ఉండమన్నప్పుడు, బంధుత్వం ఉన్నచోట అది సరికాదని ఆమె వెనుకాడింది. ‘విభాగంలో ఉన్నదే ఇద్దరం, వాణ్ణి ఎక్కడికి తోలమంటావమ్మా’ అంటూ విభాగాధిపతి అయిన పెద్దాయన ఆ మాటను కొట్టిపారేశాడు.

కడుపులో పుండు మానిన రోగులకు గొంతులోంచి మళ్ళీ గొట్టం వేసి చూడడం ఆ కుర్రవాడి పరిశోధన. చికిత్సకు ఆ రెండో గొట్టంతో పనిలేదు. కనుక రోగి మనసారా ఒప్పుకుంటే తప్ప వేయరాదు.

ఆ ఉదయం వార్డులో, పరగడుపున గొట్టం కోసం ఎదురుచూస్తున్న లారీ డ్రైవరు దుప్పటి అంచును పిడికిట్లో నలుపుతూ కనిపించాడు.

“భయంగా ఉందా?” అని అడిగింది.

“పోయినసారే పై ప్రాణాలు పైనే పోయాయండి. కానీ తప్పదుగా.”

“తప్పదని ఎవరన్నారు?”

“ఎవరూ అనలేదు లెండి. చిన్న డాక్టరుగారు అడిగితే, మీ ఇష్టమండీ అన్నాను.”

“మరి మీ ఇష్టం ఏమిటి?”

అతను భార్య వంక చూశాడు. “నా మొహం చూస్తావేం? నిన్నటి నుంచీ నా బుర్ర తిన్న మాటే ఆవిడకు చెప్పు” అంది భార్య.

“వద్దండి. కోపం తెచ్చుకోకండి” అన్నాడు డ్రైవరు, తప్పు చేసినవాడిలా.

ఆమెకు నిజంగానే కోపం వచ్చింది, అతని మీద కాదు. పెద్దల ఎదుట కాదనలేని నోటికి ‘మీ ఇష్టం’ అన్న ఆ రెండు మాటలు మర్యాదైన తెర. ఆ తెరనే అంగీకారంగా లెక్కగట్టాడు తన శిష్యుడు.

“ఆయన ఒప్పుకున్నాడు పిన్నీ” అన్నాడు అక్క కొడుకు, డ్యూటీ గదిలో.

“ఏం కూర వండను అని మీ అమ్మ అడిగితే మీ నాన్న నీ ఇష్టం అంటాడు. వండాక మూతి ముడుస్తాడు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నావు, ఇంకా తెలియలేదురా?”

“మిగతావాళ్ళూ దాదాపు అలాగే అన్నారు” అన్నాడతను, గొంతు తగ్గించి.

“అయితే అందరినీ మళ్ళీ అడగాలి.”

“అడిగితే సగంమంది జారుకుంటారు. లెక్క తగ్గితే పరిశోధన పూర్తికాదు, ఈసారి పరీక్షకు నేనుండను. నీ పాఠానికి నేనే దొరికానా?”

సంగతి పెద్దాయన దాకా వెళ్ళింది. “అందరూ అలాగే మాట్లాడతారమ్మా. కుర్రాడి ఏడాది పాడుచేస్తావా? మార్గదర్శిగా నేనుంటాలే” అన్నాడాయన.

“మీరున్నా ఆ అనుమతులు చెల్లవు సార్. ఎథిక్స్ కమిటీకి నేనే చెప్పాల్సి వస్తుంది.”

ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. “అడిగించు. పరీక్ష తప్పితే మీ అక్కకు నువ్వే జవాబు చెప్పుకో.”

సాయంత్రానికి అక్క నుంచి ఫోను రానే వచ్చింది. “పరాయివాళ్ళయినా వాణ్ణి ఇలా ముంచరే” అని పెట్టేసింది. ఆమె తిరిగి చేస్తే ఎత్తలేదు. ఇన్నేళ్ళుగా తల ఊపుతూ తన పాఠం రాసుకున్నవాళ్ళలో ఎందరు ఇలాగే అడిగి ఉంటారోనన్న ఆలోచన, అక్క అలకకన్నా ఎక్కువగా ఆమెను కాల్చింది.

మర్నాడు ఆమె వార్డు గుమ్మం దగ్గర నిలబడి వింది. అక్క కొడుకు ఒక ముసలావిడ మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. “ఇది నీ జబ్బుకు కాదమ్మా, నా చదువుకు. వద్దన్నా నీ వైద్యం ఆగదు” అంటున్నాడు.

“వద్దులే నాయనా” అంది ముసలావిడ, హాయిగా అటు తిరిగి పడుకుంటూ.

“బాగా అడిగావురా” అంది ఆమె, అతను గుమ్మం దగ్గరికి రాగానే.

“బాగా అడిగినందుకే కాదంది” అన్నాడతను. ఆమె వైపు చూడకుండా పక్క వార్డులోకి వెళ్ళిపోయాడు.