తూరా శాండ్‌విచ్ కేకు

స్వీడన్‌లోని డాలర్నా పల్లెల్లో ఏ పెళ్లికైనా శాండ్‌విచ్ కేకు తూరా చేతిదే. "పాస్టరు గారి పెళ్లికి నేనే చేశాను, ఇవాళ ఆయన కూతురికీ నేనే" అని ఎదురైన వాళ్లందరికీ చెబుతుంది. అంచులు కోసిన రొట్టెల మధ్య రొయ్యల ముద్ద పరిచి, పైన మీగడ పూసి, తడి కత్తితో నున్నగా దిద్దుతుంది. ఈసారి మాత్రం సోయకూర మానేసి, చలికాలమంతా వంటింటి కిటికీలో పసిబిడ్డలా సాకిన బేసిల్ ఆకులు గిల్లి అలంకరించింది.

"రొయ్యల మీద సోయకూర లేకపోతే ఎవరు ముట్టుకుంటారు వదినా? ఇన్నేళ్ల పేరూ ఇవాళ్టితో సరి!" అంది ఆడపడుచు మార్గిత్.

"ముందు తిను, తర్వాత తిట్టుదువుగాని" అంది తూరా. చూస్తుండగానే కేకంతా అయిపోయి ఒక్క ముక్క మిగిలింది. ఆఖరి ముక్క తీసుకోవడం స్వీడన్‌లో ఎవరికైనా నామోషీ. అది పళ్లెంలోనే ఎండిపోవాలి. మార్గిత్ మాత్రం పెళ్లికూతురి ఎదుటే దాన్ని తన పళ్లెంలోకి లాగేసుకుంది.

"చూశారుగా అందరూ!" అని తూరా హాలంతా అదిరేలా కేకేసింది.