వెనక సీటు లేని కారు

పాత సోఫాలకు కొత్త గుడ్డ తొడగడం ఆయన పని. ఊళ్ళో అందరూ సోఫా మేస్త్రి అనేవారు. చిన్న మేకులు పెదాల మధ్య పట్టుకుని ఒక్కొక్కటే తీసి కొట్టే అలవాటు వల్ల పనిలో ఉన్నప్పుడు మాట్లాడేవాడు కాదు. అదే అలవాటు ఇంటికీ వచ్చింది. "మీ ఆయన నోట్లో ఇంకా మేకులున్నాయేమో చూడు వదినా" అని ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఆయన భార్యతో పరాచికాలాడేవారు.

వాళ్ళకు ఒక్కతే కూతురు. పుట్టేటప్పుడు ఊపిరి అందక మెదడుకు దెబ్బ తగిలింది. ఆ పిల్ల కూర్చోలేదు, నడవలేదు, మాట్లాడలేదు. సంతోషం వేస్తే మాత్రం గొంతులోంచి సన్నగా కిచకిచమనే శబ్దం వచ్చేది. అందుకని ఇంట్లో పిచ్చుక అనే పిలిచేవారు.

పిచ్చుక పెరిగేకొద్దీ బండి పెరిగింది. మొదట చిన్న కారు, తర్వాత ఎత్తు కారు, చివరికి వెనక తలుపు తెరిస్తే చక్రాల కుర్చీ ఎక్కేలా వాలుపలక దిగే వ్యాను. మూడూ ఒకే కంపెనీవి. ఆ కంపెనీ బళ్ళకు తలుపులు బారుగా తెరుచుకుంటాయని, నేల ఎత్తు తక్కువని మేస్త్రి నమ్మకం. ఇంకో కంపెనీ బండి ఊసెత్తితే వినేవాడు కాదు. మెకానిక్‌గా పనిచేసే బావమరిది, "మా బావ ఆ కంపెనీకి ఇల్లరికపుటల్లుడు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించేవాడు.

వ్యానులో పిచ్చుక సీటు మేస్త్రి సొంతంగా చేసినది. ఆ పిల్ల వెన్ను ఎడమవైపుకు వంగి ఉండేది. ఆ వంపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో అరచేత్తో తడిమి చూసి, దానికి సరిపడా ఫోమ్ చెక్కేవాడు. పిల్ల ఎదిగినప్పుడల్లా గుడ్డ విప్పి, మళ్ళీ కోసి, మళ్ళీ కుట్టేవాడు. డ్రైవరు ముందుండే మామూలు అద్దం కింద ఇంకో చిన్న అద్దం మరలతో బిగించాడు. బండి నడుపుతూ కళ్ళెత్తితే కూతురి ముఖం కనిపించేది.

పంతొమ్మిదో ఏట చలికాలంలో పిచ్చుకకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఆసుపత్రికి వ్యానులోనే తీసుకెళ్ళారు. తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరే వచ్చారు. దారిలో భార్య ముందు సీట్లోకి రాలేదు. వెనకే కూర్చుని, ఖాళీ సీటు పట్టీని చేతికి చుట్టుకుని ఇంటిదాకా వచ్చింది.

తర్వాత ఆవిడ ఇంట్లో ఉండలేక ఒక రొట్టెల దుకాణంలో కౌంటరు దగ్గర పనికి కుదిరింది. మేస్త్రి ఆ వ్యానులోనే కుర్చీలూ సోఫాలూ తిప్పుదామని చూశాడు. కుదరలేదు. ప్రతి మలుపులోనూ కళ్ళు పైకి పోయేవి. చిన్న అద్దం ఊడదీశాడు. అద్దం పోయింది గానీ మరలు దిగిన రెండు చిల్లులు మిగిలాయి, కళ్ళు వాటి మీదికే పోయేవి. చివరికి వృద్ధాశ్రమం వాళ్ళకు వ్యాను అమ్మేశాడు. ఆ వంకర సీటు వాళ్ళకు అక్కర్లేదన్నారు. మేస్త్రి దాన్ని విప్పి ఇంటికి తెస్తే భార్య తీసుకెళ్ళి పిచ్చుక గదిలో మంచం పక్కన పెట్టింది.

కొన్నాళ్ళు ఆయన పనిముట్ల సంచీ భుజాన వేసుకుని బస్సుల్లో తిరిగాడు. అలా ఒక రోజు ఒక ఇంటికి వెళ్ళాడు. నిండు నెలలతో ఉన్న భార్య కోసం ఒక కుర్రాడు పాత ఊగే కుర్చీకి కొత్త గుడ్డ వేయిద్దామని పిలిచాడు. వాకిట్లో ఓ కారు ఉంది. పండుమిరపకాయ రంగు. నడుమెత్తు కంటే కాస్త ఎక్కువ అంతే, నేలను కరుచుకుని పడుకున్నట్టుంది. రెండు తలుపులు, రెండు సీట్లు. వాటి వెనక గోడలా మూసేసి ఉంది.

మేస్త్రి కుర్చీ సంగతి మర్చిపోయి కారు చుట్టూ తిరిగాడు.

"అమ్మేస్తున్నానంకుల్. ప్రాణంలా చూసుకున్నా," అన్నాడు కుర్రాడు. "కానీ ఇంకొన్ని రోజుల్లో ముగ్గురం అవుతాం. ఇందులో ఇద్దరికే చోటు. మీరు కొనుక్కుంటారా ఏంటి?" అని నవ్వుతూ, "మీ ఇంట్లో ఎంతమంది?" అన్నాడు.

"ఇద్దరం," అన్నాడు మేస్త్రి.

ఆ మాట ఆయన నోటివెంట రావడం అదే మొదటిసారి. చెప్పాక కాసేపు కారు కప్పు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. కుర్రాడు బేరం కోసం ఆలోచిస్తున్నాడనుకున్నాడు.

బండి చూడటానికి బావమరిదిని వెంటబెట్టుకెళ్ళాడు. అతను బానెట్ ఎత్తి, బిగించిన మరల మీద రంగు చెదిరిందేమో చూశాడు. చెదిరితే ఎక్కడో గుద్దుకుని బాగుచేసిన బండని లెక్క. చెదరలేదు. చల్లగా ఉన్న ఇంజను స్టార్టు చేసి పొగ చూశాడు. టైర్ల లోపలి అంచులు తడిమాడు. వద్దనడానికి వంక కోసం బండి కింద దూరి మరీ వెతికాడు గానీ, ఆ కారు అతనికి ఏ వంకా ఇవ్వలేదు.

"బండి బంగారం," అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "కానీ బావా, నీకెందుకిది? సోఫాలెక్కడ పెడతావు, నెత్తినా?"

"వాటికి అద్దె బండి మాట్లాడుకుంటా."

"మన కంపెనీది కూడా కాదు."

మేస్త్రి కారు తలుపు తీసి లోపల కూర్చున్నాడు. బావమరిదికి ఇల్లరికపుటల్లుడి హాస్యం గుర్తొచ్చింది గానీ నోటిదాకా రాలేదు.

కారు ఇంటికి వచ్చిన రోజు భార్య గుమ్మంలోకి వచ్చింది. మెట్టు దిగకుండానే వంగి కారు అద్దంలోంచి లోపలికి చూసింది.

"వెనక సీటేదీ?"

"లేదు."

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంది, చేతులు పొడిగానే ఉన్నా. లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

వీధి మాత్రం నోరు మూసుకోలేదు. ముసలోడికి దసరా పులిలా రంగులెందుకన్నాడొకడు. కూతురి బరువు దిగేసరికి రెక్కలొచ్చాయన్నాడు ఇంకొకడు. మేస్త్రి అక్క పనిగట్టుకుని వచ్చి కూర్చుంది.

"ఏరా, ఇదేం బుద్ధి? పిల్ల పోయి ఏడాదన్నా తిరగలేదు. ఎర్ర కారేసుకుని షికార్లా? నలుగురూ ఏమనుకుంటారు?"

"అనుకోనీ అక్కా."

"వాళ్ళ సంగతి సరే, నీ పెళ్ళాం ఏమనుకుంటోందో అడిగావా?"

అడగలేదు. అడిగితే ఏం వినాలో ఆయనకు తెలుసు. అక్క వెళ్ళాక, గిన్నెలు సర్దుతూ భార్యే అంది.

"దానికి చోటు లేని బండి చూసి చూసి తెచ్చారు."

"అవును."

ఒప్పుకుంటాడని ఆవిడ అనుకోలేదు. చేతిలో గిన్నె అలాగే పట్టుకుంది.

"చోటున్న బండి నడపలేకపోతున్నానే," అన్నాడాయన. "వెనక ఖాళీగా ఉంటుంది. చూడకూడదనుకుంటూనే చూస్తాను. ఇందులో చూద్దామన్నా ఏమీ లేదు."

"నాకు చూడాలని ఉంటుందండీ. ఖాళీగా ఉన్నా సరే, చూడాలనే ఉంటుంది. మీరు ఆ ఖాళీ కూడా అమ్మేశారు."

ఎవరి దుఃఖం వాళ్ళది. ఒకరిది ఒకరికి మందు కాలేదు. ఆవిడ రోజూ బస్సులోనే దుకాణానికి వెళ్ళేది. బస్టాపు దగ్గర నిలబడ్డ భార్య ముందు నుంచి ఆయన ఎర్ర కారులో పనికి పోయేవాడు. మొదట్లో కారు ఆపేవాడు. ఆవిడ తల అడ్డంగా ఊపేది. తర్వాత ఆపడం మానేసి, అక్కడికి రాగానే కాస్త నెమ్మది చేసేవాడు. ఆ తర్వాత ఇంకో వీధి వెంట వెళ్ళడం మొదలుపెట్టాడు.

వాన పడ్డ ఒక ఆదివారం కారు అమ్మిన కుర్రాడు వచ్చాడు. సర్దుతుంటే దొరికిందని కారు రెండో తాళం తెచ్చాడు. అతని భార్య ఇంటి బయట కారులో ఉంది, పాప ఏడుస్తోందని దిగలేదు. కొత్తగా కొన్న పెద్ద కారు. మేస్త్రి ఇన్నాళ్ళూ వాడిన కంపెనీదే.

మేస్త్రి భార్య గొడుగు పట్టుకుని పలకరించడానికి వెళ్ళింది. వెనక సీట్లో, పాపాయిల కుర్చీలో పాప ఎర్రగా కందిపోయి ఏడుస్తోంది. పక్కన కూర్చున్న తల్లి మొహం కూడా ఏడుపుకు దగ్గరగా ఉంది.

"ఎక్కడికెళ్ళినా ఇంతేనండీ. బండి కదిలితే చాలు, ఒకటే ఏడుపు. పాలు పట్టినా ఊరుకోదు."

మేస్త్రి భార్య లోపలికి వంగి పాపను చూసింది. తల ఒక పక్కకు వాలిపోయి గడ్డం రొమ్ముకు నొక్కుకుంటోంది. పట్టీ భుజం మీద ఉండాల్సినది జారి మెడ దగ్గరికి వచ్చింది.

"చిన్న తువ్వాలేదైనా ఉందా అమ్మా?"

తల్లి ఇచ్చింది. ఆవిడ దాన్ని రెండు చుట్టలుగా చుట్టి పాప తలకు రెండు పక్కలా సర్దింది. పట్టీ వదులు చేసి, భుజాల మీదికి జరిపి, మళ్ళీ బిగించింది. బిగింపులో వేలు దూరుతోందో లేదో చూసింది. తర్వాత పాప వీపు వెనకకు అరచెయ్యి పోనిచ్చి నడుము దాకా తడిమింది. వెన్ను తిన్నగా ఉంది. అలా తిన్నగా ఉన్న వెన్ను ఆవిడ చేతికి కొత్త.

పాప ఏడుపు ఆపి, వెక్కిళ్ళు పెట్టి, కళ్ళు వాల్చింది.

"అమ్మో, ఇవన్నీ మీకెలా తెలుసండీ? మీకు పిల్లలెంతమంది?"

"ఒక్కతే," అంది ఆవిడ. "పడుకోనివ్వమ్మా. నెమ్మదిగా వెళ్ళండి."

వాళ్ళు వెళ్ళిపోయాక గొడుగు మూసి వరండాలో నిలబడి ఏడ్చింది. పిచ్చుక పోయిన రోజు కూడా అలా ఏడవలేదు. మేస్త్రి పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఏం చెయ్యాలో తోచక, ఆవిడ చేతిలోని తడి గొడుగు తీసుకుని తాను పట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్న ఆయన కారు తలుపు తీస్తుంటే ఆవిడ దుకాణం సంచీతో వచ్చి అటు పక్కన నిలబడింది.

"నన్ను దింపేసి పోండి."

లోపల కూర్చోవడానికి ఆవిడకు కాస్త సమయం పట్టింది. "ఇదేం బండండీ, నేల మీద చాప పరిచి కూర్చోబెట్టినట్టుంది," అంది. ఆయన నవ్వబోయి మానుకున్నాడు.

కారు పెద్ద రోడ్డెక్కింది. వెనక నుంచి హారన్లు మొదలయ్యాయి. స్కూలు బస్సు దాటిపోయింది. పాల బండి దాటిపోయింది. సైకిలు మీద ఓ ముసలాయన పక్కకొచ్చి, ఎర్ర కారు వంక, మేస్త్రి వంక ఒకసారి చూసి ముందుకెళ్ళిపోయాడు. స్పీడ్ బ్రేకరు వచ్చినప్పుడు మేస్త్రి బండిని దాదాపు ఆపేసి, ముందు చక్రాలు దించి, మళ్ళీ ఆగి, వెనక చక్రాలు దించాడు. గుంత ఉన్నచోట పూర్తిగా పక్కకు తప్పించాడు. మలుపులో స్టీరింగు రెండు చేతులతో పట్టుకుని, నిండు బిందె మోస్తున్నట్టు తిప్పాడు.

ఆవిడ చూస్తూ కూర్చుంది. ఇన్నాళ్ళూ ఆ కారును గాలిలా తోలుతున్నాడని, వీధివాళ్ళు అన్నట్టే కుర్రతనం తిరిగొచ్చిందని ఆవిడ కూడా అనుకుంది.

"రోజూ ఇలాగే నడుపుతారా?"

"కాలు నొక్కదే," అన్నాడాయన. "నొక్కుదామనే కొన్నాను. నొక్కదు."

ఇంకో స్పీడ్ బ్రేకరు కనిపించింది. ఆయన పాదం బ్రేకు మీదికి వెళ్ళింది.

"పోనివ్వండి," అంది ఆవిడ. "ఇక పోనివ్వండి. ఎవరికీ నొప్పి పుట్టదు."

ఆయన పాదం తీశాడు. కారు స్పీడ్ బ్రేకరు మీంచి ఎగిరి పడింది. ఇద్దరి పళ్ళూ టకటకమన్నాయి. ఆ తర్వాత తిన్నని రోడ్డు. ఇంజను ఎన్నాళ్ళనుంచో ఆపుకున్న ఊపిరి వదిలినట్టు గట్టిగా గర్జించింది. ఆవిడ వీపు సీటుకు అతుక్కుపోయింది. ఇద్దరూ ముందుకే చూస్తున్నారు. ఇద్దరి కళ్ళలోంచీ నీళ్ళు కారుతున్నాయి. ఎవరూ తుడుచుకోలేదు.

దుకాణం ముందు కారు ఆగింది. సీటు మరీ కిందికి ఉండటం వల్ల ఆవిడ లేవలేకపోయింది. ఆయన ఇటువైపు వచ్చి వంగి, ఒక చెయ్యి ఆవిడ వీపు వెనకకు, ఇంకో చెయ్యి మోకాళ్ళ కిందికి పోనిచ్చాడు. అలా పోనిచ్చాక గాని తానేం చేస్తున్నాడో తెలియలేదు. పంతొమ్మిదేళ్ళు ఆ చేతులు ఎత్తిన తీరది. ఆవిడకూ తెలిసింది. ఇద్దరూ కదల్లేదు. లోపల రొట్టెలు కోసే మనిషి అద్దంలోంచి చూసి, తల తిప్పుకున్నాడు.

"నేను లేస్తానులెండి," అంది ఆవిడ కాసేపటికి. ఆయన భుజం పట్టుకుని లేచి నిలబడింది.

సాయంత్రం బస్సులోనే ఇంటికి వచ్చింది. మర్నాడు పొద్దున్న మళ్ళీ వచ్చి కారు పక్కన నిలబడింది.