అసిటలీన్ లారీ

సుక్మా జిల్లాలో, చింతలనార్ దారిలో వంతెన పని మీద ఉన్నప్పుడు నేను పగలంతా హిందీలో అరిచి, సాయంత్రం నుంచి తెలుగులో మౌనంగా ఉండేవాడిని. సైట్‌లో తెలుగు వచ్చినవాడు ఇంకొకడు లేడు.

ఉక్కు కోసే అసిటలీన్ గ్యాస్ సిలిండర్లు తెచ్చే లారీ డ్రైవర్‌ది మాత్రం తెలుగు మాట్లాడే భోపాల్‌పట్నం. సిలిండర్లు దిగేలోపు ఇద్దరం మాట్లాడుకునేవాళ్లం. గొప్ప విషయాలేం కావు. వాల్వు దగ్గర కారే గ్యాస్ వాసన పట్టి ఆయన ఎల్లిగడ్డ అనేవాడు, నేను వెల్లుల్లి అనేవాడిని. అది తేలాక లీకు సంగతి చూసేవాళ్లం.

ఇలా ఉండగా మేనేజరు, ఉక్కు ప్లేట్లు కోయడానికి అసిటలీన్ బదులు ఎల్పీజీ వాడితే ఎలా ఉంటుందో పరీక్షించి రాయమన్నాడు. ఎల్పీజీ అయితే సుక్మా నుంచి మా సామాన్ల బండిలోనే వచ్చేస్తుంది. ఇక ఆ లారీ రానక్కర్లేదు. ఇంజినీరింగ్ చదివానేమో, ఈ ముక్క నాకు చాలా త్వరగా అర్థమైంది.

ఒకే ప్లేటును రెండు గ్యాసులతోనూ కోయించాను. ఎల్పీజీ ఓడిపోవాలని కోరుకున్నాను. ఆ సంగతి దానికి తెలియలేదు. ప్లేటు వేడెక్కించడానికి కాస్త ఎక్కువసేపు తీసుకుంది, ఆక్సిజన్ కూడా ఎక్కువే తాగింది. కానీ కోత అంచు నున్నగా వచ్చింది. ఖర్చు తక్కువ. మంట వెనక్కి తన్నే భయమూ తక్కువే. ఉన్నదున్నట్టు రాశాను. ఉక్కును అతికే గ్యాస్ వెల్డింగ్‌కు మాత్రం ఎల్పీజీ పనికిరాదనీ, అసిటలీన్ ఉండి తీరాలనీ చివర్లో కొంచెం పెద్ద అక్షరాలతో చేర్చాను.

మేనేజరు వెంటనే ఒప్పుకున్నాడు. వెల్డింగ్ చాలావరకు కరెంటు మీదే కదా, ఒక్క సిలిండర్ సరిపోతుంది, అదీ మన బండిలోనే తెచ్చుకుందాం అన్నాడు.

ఆఖరి లోడు దించాక డ్రైవర్‌కు నేను రాసిన రిపోర్టు సంగతంతా చెప్పాను.

"ఏంది సార్, మా గ్యాస్ మీద మీకింత కడుపుమంట ఉన్నదా?" అన్నాడు.

ఇద్దరం నవ్వాం. ఖాళీ సిలిండర్లు ఎక్కించడం అయిపోయింది, గొలుసులు బిగించడమూ అయిపోయింది. ఆయన తలుపు తీసి, ఎక్కకుండా నిలబడ్డాడు.

"మరి గా ఎల్పీజీతోని వెల్డింగ్ ఎందుకు కాదు సార్?"

చెప్పాను. అసిటలీన్ మంటలో వేడి మొన దగ్గర ఒక్కచోట నిలుస్తుందనీ, ఎల్పీజీలో అది చుట్టూ పరుచుకుపోతుందనీ, ఉక్కు ఎర్రబడుతుంది గానీ అతుకు సరిగ్గా పడదనీ. ఆయన శ్రద్ధగా విన్నాడు. మధ్యలో సరైన చోటల్లా తలూపాడు.

"సమజ్ కాలే," అన్నాడు. "ఇంకోపారి చెప్పున్రి."

ఈసారి ఆక్సిజన్ అంటే ఏమిటన్న దగ్గర్నుంచి మొదలుపెట్టాను.