అర్జీలో రాయించిన మాట

పెడనలో ఇందిరమ్మ నోట మెచ్చుకోలు విన్న మనిషి లేడు. కలంకారీ అద్దకం షెడ్డులో ఆవిడది ముప్ఫై ఎనిమిదేళ్ల అనుభవం. చెక్క అచ్చు పట్టడం, రంగు కాచడం, కాలవలో గుడ్డ జాడించడం, ఏ పనికైనా ముందు ఆవిడే. అద్దకం బాగోకపోతే చీల్చి చెండాడుతుంది, బాగుంటే ఏమీ అనకుండా పక్కనుంచి వెళ్లిపోతుంది. అలా వెళ్లిపోయిందంటే ఆ పూటకి గట్టెక్కినట్టే. షెడ్డు యజమాని శోభనాద్రి గారు కూడా ఆవిడ అటుగా వస్తుంటే చేతిలో ఫోను పక్కన పెట్టేస్తారు.

అలాంటి మనిషి ఇంట్లో, డాబా మీద గదిలో, జనవరి మొదటివారంలో మిలేనా అద్దెకు దిగింది. ఆమెది స్లొవేనియా అనే చిన్న దేశం. ముప్ఫై ఏళ్లుంటాయి. బట్టల మీద రంగుల గురించి అక్కడ చదువుకుంది, ఇక్కడ చేతుల్తో నేర్చుకుందామని వచ్చింది. ఆమెను తీసుకొచ్చింది ఇందిరమ్మ అన్న కొడుకు దుర్గాశ్రీనివాస్. పెడన బస్టాండు దగ్గర అతనికి నెట్ సెంటర్ ఉంది. విదేశీయులు ఇంట్లో దిగితే పోలీసులకు పంపాల్సిన ఫారం ఆ రోజే నింపి పంపేశాడు. వచ్చింది టూరిస్టు వీసా మీద కాబట్టి ఆమె నేర్చుకోవచ్చుగానీ పనిచేయకూడదని మేనత్తకు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. పనిచేయకుండా పని ఎలా వస్తుందో ఇందిరమ్మకు అర్థం కాలేదు. సరేలే అని తల ఊపింది.

మొదటి మూడు నెలలూ మిలేనాను ఆవిడ అచ్చు ముట్టుకోనివ్వలేదు. కరక్కాయలు దంచించింది, గుడ్డలు ఆరేయించింది, కాగు కింద మంట పెట్టించింది. ఆ పిల్ల కిక్కురుమనలేదు. తెలుగు కూడా నేర్చేసుకుంది, అందులో సగం ఇందిరమ్మ తిట్లే. షెడ్డులో అందరిలాగే "అత్తా" అని పిలవడం మొదలుపెట్టింది. ఒక్క విడతలో తొంభై రోజులకు మించి ఉండకూడదని రూలు ఉంటే, ఏప్రిల్ మొదట్లో కొలంబో వెళ్లి నాలుగు రోజుల్లో తిరిగొచ్చింది. ఆ తర్వాతే ఇందిరమ్మ ఆమె చేతిలో అచ్చు పెట్టింది. అప్పటికే వేసవికని కాలవ కట్టేసి నీళ్లు ఆపేశారు.

కాలవ కట్టేస్తే సగం పని ఆగినట్టే. అద్దిన గుడ్డను పారే నీళ్లలో జాడించి, ఆ తర్వాత కాగులో ఉడికిస్తేనే ఎరుపు పైకి తేలుతుంది. బోరు నీళ్లు వాడదామంటే ఉప్పు, రంగు చచ్చిపోతుంది. మిలేనా మే నెలంతా కూర్చుని తనకంటూ ఒక దుప్పటి అద్దుకుంది. గుడ్డను కరక్కాయ నీళ్లలో నానబెట్టడం దగ్గర నుంచి చివరి అంచు దాకా అంతా ఆమె చెయ్యే. ఇక జాడించడం, ఉడికించడం మిగిలాయి. ఈ యేడు పెడన దాకా నీళ్లు జూలై మూడోవారంలోగాని రావన్నారు. మిలేనాకున్న గడువు జూలై ఐదు.

గడువు పెంచుకునే దారి ఏదైనా ఉందేమోనని దుర్గాశ్రీనివాస్ రెండు రోజులు కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఆ వీసా మీద జనవరి నుంచి డిసెంబరు దాకా నూట ఎనభై రోజులే ఉండాలి, అవి అయిపోవచ్చాయి. మళ్లీ కొలంబో వెళ్లొచ్చినా లాభం లేదు. ఇక్కడుండగా దాన్ని చదువుకునే వీసాగా మార్చరు. మంచాన పడితే కొన్నాళ్లు ఇస్తారు, ఈ దేశపు మనిషిని పెళ్లాడితే వేరే వీసా అడగొచ్చు. ఈ ముక్క వినగానే షెడ్డులో ఆడవాళ్లు దుర్గాశ్రీనివాస్ వైపు తిరిగి, ముహూర్తం పెట్టించమంటావా అని అడిగారు. అతను చెవుల దాకా ఎర్రబడి బయటికి వెళ్లిపోయాడు. నవ్వులన్నీ సద్దుమణిగాక మిలేనా తన దుప్పటిని మడతపెట్టి, పోనీలే, వచ్చే జనవరిలో చూద్దామంది.

ఆ రాత్రి ఇందిరమ్మ వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుంది. మొదట్లోనే ఆ పిల్ల చేతిలో అచ్చు పెట్టి ఉంటే, ఫిబ్రవరిలోనే దుప్పటి కాలవలో జాడించి ఉండేది. మూడు నెలలు తిన్నది తన మంకుతనమే. సోమవారం పొద్దున్నే జాకెట్టు మార్చుకుని బందరు బస్సెక్కింది.

సోమవారం బందరు కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే రోజు. ఇందిరమ్మకు అది కొత్త కాదు. పింఛను అలాగే వచ్చింది, రేషన్ కార్డులో పేరు అలాగే సరిచేయించుకుంది. ఏ కష్టమైనా కాగితం మీద పెట్టి సంతకం చేసి ఇస్తే, ఫోనుకి ఒక నంబరు వస్తుంది, ఎప్పుడో ఒకప్పుడు పని అవుతుంది. గేటు బయట అర్జీలు రాసే ఆయన దగ్గర కూర్చుని చెప్పాల్సిందంతా చెప్పింది. ఆ పిల్ల పనిమంతురాలని గట్టిగా రాస్తే ఉండనిస్తారని ఆవిడ నమ్మకం. మేనల్లుడిని అడగాలని తోచలేదు. సాయంత్రం అతని చేతిలో నకలు పెట్టి, నంబరు కూడా వచ్చిందిరా అని చెప్పింది.

దుర్గాశ్రీనివాస్ చదువుతూ చదువుతూ స్టూలు మీద కూలబడ్డాడు.

"అత్తా, నువ్వు ఆ అమ్మాయిని ఉంచమని రాయించలేదు. పంపించెయ్యమని రాయించావు. టూరిస్టు వీసా మీద వచ్చినవాళ్లు పనిచేశారని తేలితే మళ్లీ ఈ దేశంలో అడుగు పెట్టనివ్వరు. జనవరి కాదు గదా, ఇంకెప్పటికీ రానివ్వరు."

ఇందిరమ్మ నకలు వెనక్కి తీసుకుని కొంగున ముడేసుకుంది. మూడు వారాలు కలిపిద్దామని వెళ్లి ఆ పిల్ల దారి మొత్తం మూసేసి వచ్చాననుకుంది. మిలేనా ముందుకు వెళ్లడానికి మొహం చెల్లలేదు. దుర్గాశ్రీనివాసే ఆమెకు మెల్లగా విషయం చెప్పాడు, అర్జీలో ఏముందో మాత్రం చదివి వినిపించలేదు.

గురువారం పొద్దున ఆ అర్జీ మీద విచారణకని పెడన ఎస్సై యుగంధర్ గారు మామూలు చొక్కాలో షెడ్డుకు వచ్చారు. నెమ్మదైన మనిషి. శోభనాద్రి గారు వేసిన కుర్చీలో కూర్చుని, మిలేనా పాస్‌పోర్టు చూసి, ఆమెకు జీతంగాని కూలిగాని ఇస్తున్నారా అని అడిగారు. రూపాయి కూడా ఇవ్వలేదని శోభనాద్రి గారు చెప్పారు, అది నిజమే. అప్పుడు ఎస్సై గారు అర్జీ తీసి అందరికీ వినబడేలా చదివారు.

"సదరు మిలేనా అను ఆమె మాతో సమానంగా పనిచేయుచున్నది. నా ముప్ఫై ఎనిమిదేళ్ల సర్వీసులో ఇటువంటి చెయ్యి నేను చూసి ఎరుగను. ఈమె నా తర్వాత నా అంతటిది అగును. కావున దయతలచి ఈమెను ఉండనివ్వవలెను."

షెడ్డులో అచ్చుల చప్పుడు ఆగిపోయింది. మిలేనా తల తిప్పి ఇందిరమ్మను చూసింది. ఇందిరమ్మ నేల చూసింది.

"ఏమ్మా, ఈవిడ మీతో సమానంగా పనిచేస్తోందా?" అని ఎస్సై గారు అడిగారు. ఇందిరమ్మ బల్ల మీది అచ్చులు సర్దసాగింది. ఆయన, పోనీ ఈవిడని ఒక వరస అద్దమనండి, చూద్దామన్నారు.

మిలేనా బల్ల దగ్గరికి వెళ్లింది. అంచు అచ్చు తీసుకుని, రంగులో ముంచి, తెల్లగుడ్డ మీద పెట్టి పిడికిలితో కొట్టింది. రెండోది పెట్టింది. మూడోదానికి వరస వంకర పోయింది, నాలుగోదానికి రంగు కారింది. ఇందిరమ్మ చెయ్యి తనంతట తానే ముందుకు లేచింది, వెనక్కి లాక్కుని కొంగులో దాచుకుంది. ఎస్సై గారికి కనిపించనిది ఆవిడకు కనిపించింది. నాలుగు అచ్చులూ సరిగ్గా ఒక్కో గోరంత చొప్పున పక్కకి జరిగాయి. పని రానివాళ్ల చేతిలో తప్పు అంత కొలతగా పడదు.

"చూశారుగా సార్" అంది ఇందిరమ్మ. "ఆర్నెల్ల నుంచీ ఇదే వరస. దీనికి పని రాదండీ. ఎన్నాళ్లు నేర్పినా వచ్చే చెయ్యి కాదండీ. ముచ్చటపడి ఏదో రాయించాను."

"అవునండీ" అంది మిలేనా తెలుగులో. "నాకు పని రాదు."

ఎస్సై గారు ఇద్దరినీ ఒకసారి చూశారు. జీతం లేదు, సరదాకి నేర్చుకుంటోంది, సదరు మహిళకు అద్దకం పని రాదని అర్జీదారే ఒప్పుకున్నది అని వాంగ్మూలం రాసి చదివి వినిపించారు. ఇందిరమ్మ అక్షరాలు కూడబలుక్కుంటూ సంతకం చేసింది. ఐదో తారీఖులోగా వెళ్లిపోవాలని, తన వైపు నుంచి అభ్యంతరమేమీ రాయడం లేదని, జనవరిలో మళ్లీ రావచ్చని మిలేనాకు చెప్పి ఆయన వెళ్లిపోయారు. శోభనాద్రి గారు పాడైన గుడ్డను మడిచి పక్కన పెట్టారు.

సాయంత్రం ఇందిరమ్మ డాబా మెట్లెక్కింది. మిలేనా మంచం మీద కూర్చుని ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఇందిరమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అత్తా, కాగితంలో రాయించింది నిజమా, పొద్దున చెప్పింది నిజమా?" అని మిలేనా అడిగింది.

కలెక్టరుకు చెప్పుకోవడానికి బందరు దాకా వెళ్లగలిగిన మనిషికి, ఎదురుగా ఉన్న పిల్లతో ఆ మాట అనడం అంతకంటే దూరమనిపించింది. గుమ్మం పట్టుకుంది.

"నీ దుప్పటి నా పెట్టెలో ఉంచుతాను. నేను జాడించను. నువ్వే వచ్చి జాడించుకో" అంది ముందుగా. తర్వాత, "నీకు పని వచ్చు. నాకంటే బాగా వచ్చు" అంది.

"మళ్లీ చెప్పు అత్తా" అంది మిలేనా.

ఇందిరమ్మ మళ్లీ చెప్పింది.