అడగకముందే ఇచ్చిన చొక్కా

ఇవాళ నేను పనిచేసే గార్మెంట్స్ ఫ్యాక్టరీలో ఇస్త్రీ ఆవిరి ముఖానికి కొట్టగానే చిన్నప్పటి మా బొమ్మనహళ్ళి గది గుర్తొచ్చింది. రేకుల ఇళ్ళలో పెరిగిన మనందరికీ తెలుసు, కలరా ఉండల వాసనొచ్చే ఆ ట్రంకు పెట్టెలు. మమ్మల్ని వదిలేసి పోయిన నాన్న చొక్కాను అమ్మ ప్రతి ఆదివారం పెట్టెలోంచి తీసి, ఇస్త్రీ చేసి, మళ్ళీ మడిచి పెట్టేది.

నాలుగేళ్ళ తర్వాత నాన్న దగ్గుతూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన నోరు తెరవకముందే అమ్మ ఆ చొక్కా చేతికిచ్చింది.

"ముందు తప్పయిందని చెప్పమను," అన్నాను.

"చెప్పినాక ఇస్తే అది కూలి అయితాది పాపా. యేసయ్య మనకు కృప అట్ల ఇచ్చినాడా?" అంది అమ్మ.

పది రోజులకు నాన్న చనిపోయాడు, ఆ ఒక్క మాట చెప్పకుండానే. కృప గురించి ఎవరైనా తియ్యగా మాట్లాడితే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. నేను కళ్ళారా చూసినప్పుడు అది అచ్చం అన్యాయంలాగే ఉంది.